ఐతారం కూర, సోమవారం తూకం

పొద్దున ఆరింటికి హన్మకొండలోని డయాలసిస్ సెంటర్ ముందు బెంచీల మీద అప్పటికే పదిమంది దాకా కూర్చుని ఉంటారు. పరకాల నుంచి మొదటి బస్సు పట్టుకొచ్చినవాళ్ళు, నర్సంపేట దిక్కు నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చినవాళ్ళు, తోడుగా వచ్చి గోడకు ఒరిగి కునుకు తీసేవాళ్ళు. లోపలికి పోగానే మొదటి పని తూకం. ఆ సోమవారం మా బాపు చెప్పులు విడిచి తూకం మిషన్ ఎక్కితే 62 చూపించింది. శుక్రవారం డయాలసిస్ అయి దిగినప్పుడు 58. టెక్నీషియన్ పిల్లగాడు అంకె రాసుకుంటూ, "ఏం బాపూ, నిన్న దావత్ గట్టిగనే అయినట్టుంది" అన్నాడు. బాపు నవ్వబోయాడు, ఆయాసం అడ్డమొచ్చింది.

దావత్ ఏమీ లేదు. ఐతారం కదా అని అమ్మ మటన్ వండింది. మధ్యాహ్నం కూర పులుసు పోసుకుని తిన్నాడు, రాత్రి పచ్చిపులుసు. నంజుకోవడానికి మామిడికాయ తొక్కు. ఎండాకాలం కాబట్టి మధ్యలో రెండు గ్లాసుల సల్ల. ఓరుగల్లు దిక్కు ఏ ఇంట్లోనైనా ఐతారం ఇట్లనే గడుస్తుంది. మరి నాలుగు కిలోలు ఎక్కడివి? మూడు రోజుల్లో నాలుగు కిలోల కండ ఎవరికీ పట్టదు, కొవ్వూ పట్టదు. అవి నీళ్ళు. నాలుగు లీటర్లు.

కిడ్నీలు చేయలేని పనిని డయాలసిస్ మిషన్ చేస్తుంది, రక్తాన్ని వడకట్టి ఆ నీళ్ళను నాలుగు గంటల్లో తోడాలి. ఒంటి బరువులో కిలోకు, గంటకు 13 మిల్లీలీటర్లకు మించి లాగితే గుండె మీద భారం పడుతుందని డాక్టర్లు ఒక హద్దు పెట్టుకున్నారు. 58 కిలోల మనిషికి ఆ లెక్కన నాలుగు గంటల్లో తీయగలిగేది మూడు లీటర్లు. నాలుగో లీటరు కోసం పోతే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, వాంతులవుతాయి. వదిలేస్తే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఆ రోజు మూడో గంటలోనే బాపు పిక్క పట్టుకుని అరిచాడు. మిగిలిన నీళ్ళతోనే ఇంటికి తీసుకొచ్చాం.

నేను డాక్టర్ను కాను. బాపు సంచి మోస్తూ, డాక్టర్లనూ డైటీషియన్లనూ అడిగిందే అడుగుతూ తెలుసుకున్న సంగతులివి. డయాలసిస్ ఖర్చు చాలామందికి ఆరోగ్యశ్రీ కింద పోతోంది. ఇంట్లో ఏం వండాలన్నది మాత్రం ఏ కార్డూ చెప్పదు.

ఈ తిండి సంగతి ఇంత చిక్కుపడటానికి కారణం ఒకటుంది. మన దగ్గర "కిడ్నీ ప్రాబ్లం" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు అవస్థలు నడుస్తాయి. కిడ్నీలో రాళ్ళున్న మనిషికీ కిడ్నీ ప్రాబ్లమే. కిడ్నీలు మెల్లమెల్లగా పాడవుతూ ఇంకా మిషన్ దాకా రాని మనిషికీ కిడ్నీ ప్రాబ్లమే. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషికీ అదే పేరు. ఈ మూడింటి పథ్యాలు ఒకదానికొకటి చుక్కెదురు. చూడవచ్చిన చుట్టం ఎవరి అనుభవం వాళ్ళు చెప్పిపోతారు, ఇంట్లోవాళ్ళు మూడింటినీ కలిపి అమలు చేస్తారు.

రాళ్ళున్న మనిషికి చెప్పేది: నీళ్ళు బాగా తాగు, బార్లీ నీళ్ళు తాగు, కొబ్బరి నీళ్ళు తాగు. కొండపిండి ఆకు కషాయం కూడా ఈ ఖాతాలోదే. రాయిని కిందికి తోయాలంటే మూత్రం ధారాళంగా రావాలి కాబట్టి ఆ నీళ్ళ సలహాకు అర్థముంది. డయాలసిస్ మనిషికి ఆ ధార లేనట్టే. తాగినదాంట్లో చాలావరకు మళ్ళీ మిషన్ ఎక్కేదాకా ఒంట్లోనే ఉంటుంది.

రెండో అవస్థలో, అంటే కిడ్నీలు పనిచేస్తూనే క్షీణిస్తున్నప్పుడు, ప్రోటీన్ తగ్గించమంటారు. ప్రోటీన్ అరిగాక మిగిలే యూరియా లాంటి చెత్తను బయటికి పంపే బరువు కిడ్నీలదే కాబట్టి, ఆ బరువు తగ్గిస్తే అవి ఇంకొన్నాళ్ళు లాగుతాయని ఆశ. అప్పుడు కిలో బరువుకు రోజుకు 0.55 నుంచి 0.6 గ్రాములు, షుగర్ ఉన్నవాళ్ళకు 0.6 నుంచి 0.8 గ్రాములు చాలంటారు. బాపు రెండేళ్ళు అట్లనే ఉన్నాడు. పప్పు తగ్గించాడు, గుడ్డు మానేశాడు, నీసు పండుగలకే పరిమితం చేశాడు. ఆ రెండేళ్ళు నిజంగానే కలిసొచ్చాయని నా నమ్మకం.

తర్వాత మిషన్ మొదలైంది. లెక్క తలకిందులైంది. ఆ మాట మాకు చెప్పినవాళ్ళు లేరు.

అప్పుడు చేరిన ఆస్పత్రిలో డిశ్చార్జి కాగితాలతోపాటు ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు. ఎడమవైపు తినవలసినవి, కుడివైపు తినకూడనివి. రెండేళ్ళ కిందట ఇచ్చిన కాగితం అదే, అక్షరం మారలేదు. మాంసం, గుడ్లు, పప్పులు కుడివైపే ఉన్నాయి. అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద అతికించి శాసనంలా పాటించింది. ఉడికిన సొరకాయ, బీరకాయ, చప్పిడి అన్నం, రవ్వ ఉప్మా. ఆరు నెలలు తిరిగేసరికి బాపు బనియన్ భుజాల మీద నిలవడం మానేసింది. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చెయ్యి తప్ప ఇంకో చేతిలో నరాలూ ఎముకలే కనపడేవి.

ఇందులో ఒక విచిత్రముంది. ఆ నెలల్లోనే క్రియాటినిన్ తొమ్మిది నుంచి ఆరుకు దిగింది. మేమంతా సంబరపడ్డాం, అమ్మ భద్రకాళి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. రిపోర్టు చూసిన డాక్టర్ ముఖంలో మాత్రం సంతోషం లేదు. క్రియాటినిన్ కండ నుంచి పుట్టే చెత్త. కిడ్నీ పనిచేసే మనిషికి అది తగ్గితే శుభమే. కిడ్నీ ఆగిపోయి మిషన్ మీద ఉన్న మనిషికి, డయాలసిస్‌లో మార్పేమీ లేకుండా అది నెలనెలా దిగుతోందంటే, కండే కరిగిపోతోందేమోనని అనుమానించాలి. పక్కనే అల్బుమిన్, అంటే రక్తంలోని ప్రోటీన్, చూశారు: 2.9. డయాలసిస్ మనిషికి అది 4 దగ్గర ఉండాలి. "పథ్యం బాగ చేసిన్రు, మనిషిని ఎండబెట్టిన్రు" అన్నారాయన. మాట కటువే, కానీ ఆరు నెలల్లో మాకు పనికొచ్చిన మొదటి మాట అదే.

మిషన్ చెత్తను మాత్రమే లాగి మంచిని వదిలేసేంత తెలివైంది కాదు. ఒక్కో డయాలసిస్‌లో ఆరు నుంచి పన్నెండు గ్రాముల దాకా అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ కట్టే ఇటుకలు, యూరియాతోపాటే బయటికి పోతాయి. ఎక్కువలో ఎక్కువ రెండు గుడ్ల ప్రోటీన్ అనుకోవచ్చు, వారానికి మూడుసార్లు. నీళ్ళలో కరిగే బి, సి విటమిన్లూ పోతాయి. అందుకే డయాలసిస్ వాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. బాపు లెక్కలో 58 నుంచి 70 గ్రాములు, మునుపటికి దాదాపు రెట్టింపు. కాపాడుకోవడానికి ఇక కిడ్నీ లేదు, ఉన్నది మనిషే. ఇప్పుడు కడుపు మాడ్చి లాభం లేదు.

డెబ్బై గ్రాములంటే భయపడ్డాం. లెక్క వేస్తే అంత లేదు. ఒక పూర్తి గుడ్డు, ఇంకో మూడు తెల్లసొనలు: 17 గ్రాములు. పచ్చిగా తూచిన వంద గ్రాముల చికెనో చేపో: 20. రోజంతా తినే అన్నం, రెండొందల గ్రాముల బియ్యం: 14. పొద్దున గుప్పెడు రవ్వ ఉప్మా, మధ్యాహ్నం ఒక గరిటె ముద్దపప్పు: చెరి ఆరు. చిన్న గిన్నె పెరుగు: మూడు. అరవై ఆరు అయింది. ఇందులో కొనలేని వస్తువు ఒక్కటీ లేదు.

తెల్లసొన గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో పెద్ద పంచాయితీ దాని మీదే అయింది. ఒక తెల్లసొనలో మూడున్నర గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, మిషన్ బాగా తీయలేని ఫాస్ఫరస్ ఐదు మిల్లీగ్రాములు కూడా ఉండదనుకోండి. గుడ్డులోని ఫాస్ఫరస్ దాదాపు అంతా, తొంభై చిల్లర మిల్లీగ్రాములు, పచ్చసొనలోనే ఉంటుంది. ఇంత ప్రోటీన్‌కు ఇంత తక్కువ ఫాస్ఫరస్ ఉన్న సరుకు మన వంటింట్లో ఇంకోటి లేదు. అమ్మకు మాత్రం పచ్చసొన తీసి పక్కన పెట్టడం పాపంలా తోచింది. "బలమంత అండ్లనే ఉంటది కదరా" అనేది. చివరికి పచ్చసొనలు నా పిల్లల కంచాల్లోకి పోయాయి, గొడవ సద్దుమణిగింది. శ్రావణం వచ్చిందంటే ఇంట్లో నీసు బంద్, గుడ్డు కూడా. ఆ నెల పెరుగు, పనీర్, పప్పు పెంచి నెట్టుకొస్తాం. ఏటా ఆ నెలాఖరుకు అల్బుమిన్ కొంచెం దిగుతుంది, అమ్మతో నేను ఏటా కొట్లాడతాను, ఏటా ఓడిపోతాను.

ప్రోటీన్‌తోపాటు కడుపు నిండా తిండి కూడా పడాలి. రోజుకు కిలో బరువుకు 25 నుంచి 35 కేలరీలు అందకపోతే, తిన్న ప్రోటీన్‌ను ఒళ్ళు కండకు కాక పొయ్యిలో కట్టెలా వాడేసుకుంటుంది. షుగర్ లేనివాళ్ళకు అన్నం, నూనె, కాస్త చక్కెర శత్రువులు కావు.

ఇక పొటాషియం. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇది పెరిగితే నొప్పి లేదు, వాపు లేదు. కాళ్ళు బరువెక్కినట్టు, మెట్టెక్కబోతే మోకాలు వదిలేసినట్టు అనిపించవచ్చు. అది కూడా లేకుండానే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. రక్తంలో 3.5 నుంచి 5 దాకా మామూలు. డయాలసిస్‌కు ముందు 5.5 దాకా ఉంటే ఓర్చుకుంటారు. 6 దాటిందంటే ఇంటి చిట్కాల వేళ కాదు, ఆస్పత్రికి పరుగెత్తాలి.

దీనికి వారం క్యాలెండర్‌తో సంబంధముంది. మన కిడ్నీ వారంలో 168 గంటలూ పనిచేసేది. మిషన్ చేసేది 12 గంటలే. ఆ పన్నెండునూ సోమ, బుధ, శుక్రవారాలకు పంచితే మధ్యలో 44 గంటల ఎడమొస్తుంది, ఒక్కచోట మాత్రం 68 గంటలు. మంగళ, గురు, శనివారాలకు పంచినా అంతే. ఈ రెండు వరుసల్లో దేన్ని తీసుకున్నా ఆ పొడుగు ఎడంలో ఐతారం పడి తీరుతుంది. మటన్, చికెన్, చుట్టాలు, పెళ్ళిళ్ళు, బోనాల విందులు, అన్నీ ఐతారమే. ఒంట్లో నీళ్ళు, పొటాషియం బాగా పేరుకుపోయే రోజు కూడా అదే. గుండె ఆగిపోవడాలు, ఆస్పత్రిలో చేరడాలు ఈ పొడుగు ఎడం చివర్లోనే ఎక్కువని ప్రపంచమంతా చూసిందే. వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్ళకు ఎడం ఇంకా పెద్దది, వాళ్ళు ఇంకా ఒడుపుగా ఉండాలి.

మన దగ్గర పొటాషియం చాలావరకు ప్రేమ రూపంలో వస్తుంది. రోగిని చూడబోతే కొబ్బరి బొండాలు, అరటిపండ్లు, బత్తాయిలు పట్టుకుపోవడం మన మర్యాద. పావు లీటరు కొబ్బరి నీళ్ళలో 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మనిషికి రోజు మొత్తానికి చాలాసార్లు రెండు వేల నుంచి రెండున్నర వేల మిల్లీగ్రాములకే కట్టడి చేస్తారు. అంటే ఒక్క బొండంలో రోజు కోటాలో పావు వంతు, నీళ్ళ కోటాలో ఇంకో పెద్ద ముక్క.

రక్తం పట్టాలని పెట్టేవి ఇంకో దారి. హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయిందని మా చిన్నమ్మ బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు, బెల్లం పట్టీలు మోసుకొచ్చింది. మూడింటి నిండా పొటాషియమే. అసలు ఇక్కడ రక్తం తగ్గడానికి పెద్ద కారణం తిండి లోటు కాదు. ఎముకల్లోని మూలుగకు "రక్తం తయారుచెయ్" అని చెప్పే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను కిడ్నీలే తయారుచేస్తాయి. కిడ్నీ పడుకుంటే ఆ హార్మోన్ కూడా పడుకుంటుంది. దానికి ఇంజెక్షన్ ఉంది, ఐరన్ లోటుకు వేరే ఇంజెక్షన్ ఉంది. బీట్‌రూట్ గ్లాసులు ఎన్ని తాగినా ఆ హార్మోన్ రాదు.

బెల్లం మాటకొస్తే మేడారం గుర్తొస్తుంది. రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం తూచి ఇస్తారు, ఆ బంగారం బెల్లమే. ప్రసాదంగా ఇంటింటికీ కిలోల కొద్దీ వస్తుంది. బెల్లం ఆరోగ్యం, చక్కెర విషం అనే నేటి మాట డయాలసిస్ కంచంలో తిరగబడుతుంది. చెరకు రసంలోని ఖనిజాలు చాలావరకు బెల్లంలో నిలిచి ఉంటాయి, వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాముల వరకూ పొటాషియం. శుద్ధి చేసిన చక్కెరలో అది లేనట్టే. షుగర్ జబ్బు లేని డయాలసిస్ మనిషి చాయ్‌లో చక్కెరే మేలు. అమ్మవారి బంగారం కంటికద్దుకుని నాలుక మీద రవ్వంత వేసుకుంటే ఏమీ కాదు, పరమాన్నం వండుకుంటేనే చిక్కు.

షుగర్ ఉన్నవాళ్ళకు ఇంకో మెలిక. కిడ్నీ పాడయ్యాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకని షుగర్ పడిపోవడం మామూలైపోతుంది. అప్పుడు కంగారులో పండ్ల రసమో కొబ్బరి నీళ్ళో పడతారు. గ్లూకోజ్ పొడో రెండు చెంచాల చక్కెరో కొద్ది నీళ్ళలో కలిపి ఇస్తే పొటాషియం లేకుండానే పని అవుతుంది.

కూరగాయల్ని మానేయాల్సిన పని లేదు, వండే పద్ధతి మార్చాలి. పొటాషియం నీళ్ళలో కరిగేది. ఆలుగడ్డనో, పాలకూరనో, పుంటికూరనో చిన్న ముక్కలుగా కోసి, ముక్కలు మునిగి తేలేటన్ని నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి తర్వాత పోపు పెడితే సగానికి దగ్గరగా పోతుంది. పెద్ద ముక్కల్ని ఊరికే నానబెట్టి తీస్తే పోయేది తక్కువ. అట్లా వండిన పుంటికూరకు రుచి తగ్గుతుంది, కాదనను. వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర దండిగా వేస్తే లోటు కొంత తీరుతుంది. పప్పుకూ ఇదే పద్ధతి: ఎక్కువ నీళ్ళలో ఉడికించి కట్టు తీసేస్తే, ఆ కట్టుతో చారు ఇంట్లో మిగిలినవాళ్ళకు, ముద్దపప్పు బాపుకు. చింతపండులో పొటాషియం బాగా ఎక్కువ. పచ్చిపులుసు మొత్తం చింతపండు నీళ్ళే కాబట్టి రెండు విధాలా దెబ్బ. పులుపు కావాలంటే నిమ్మకాయ ఒక బద్ద పిండుకోవచ్చు. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, క్యాబేజీ మొదటి నుంచీ తక్కువ పొటాషియం ఉన్నవే. పండ్లలో ఆపిల్, అనాస వంద గ్రాములకు 110 దగ్గర ఉంటాయి, అరటిపండు 360. స్టార్ ఫ్రూట్ ఒక్కటి మాత్రం ఎన్ని నీళ్ళలో కడిగినా, ఎంత కొంచెమైనా వద్దు. దానిలోని విషం మంచి కిడ్నీలుంటేనే బయటికి పోతుంది, లేనివాళ్ళకు మెదడుకెక్కి ఫిట్స్ తెస్తుంది.

విరోచనం సాఫీగా కావడం కూడా పొటాషియం లెక్కలోదే. కిడ్నీలు ఆగాక పెద్దపేగు తన వంతుగా కొంత పొటాషియాన్ని బయటికి నెడుతుంది. మలబద్ధకం అయితే ఆ దారీ మూసుకుంటుంది. మగవాళ్ళు డాక్టర్ దగ్గర ఈ మాట ఎత్తరు. మా బాపైతే మూడు వారాలు దాచాడు.

ఫాస్ఫరస్ నిదానంగా చేసే శత్రువు. మొదట దురద. రాత్రంతా వీపు గోక్కుంటూ కూర్చునే డయాలసిస్ మనుషులు ఎంతమందో. తర్వాత ఎముకల నొప్పులు, ఆ తర్వాత రక్తనాళాల గోడలు సున్నం పట్టినట్టు గట్టిపడటం. దీన్ని మిషన్ బాగా తీయలేదు. ఒక విడతకు ఎనిమిది వందల నుంచి వెయ్యి మిల్లీగ్రాములు, వారానికి మూడు వేలకు మించవు. మనం జాగ్రత్తగా తిన్నా రోజుకు వెయ్యి, అందులో అరవై శాతం రక్తంలో కలిసిందనుకుంటే వారానికి నాలుగు వేల పైచిలుకు. ఆ తేడాను పట్టడానికే కాల్షియం అసిటేట్, సెవెలమర్ లాంటి బిళ్ళలు. వీటిని అన్నంతోపాటే మింగాలి. ఇవి కడుపులో తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని రక్తంలోకి పోనీయకుండా మలంతో పంపే కాపలాదార్లు. పరగడుపున గ్యాస్ బిళ్ళతో కలిపి మింగితే కాపలా కాయడానికి ఏమీ ఉండదు. బాపు ఎనిమిది నెలలు అట్లనే మింగాడు. చీటీ మీద పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అని రాసి ఉంది, అన్నం ముద్దతో అని రాసి లేదు.

తినేవాటిలోని ఫాస్ఫరస్ అంతా ఒకటి కాదు. జొన్నలు, మక్కలు, పప్పుల్లో ఉండేది ఫైటేట్ రూపంలో ఉంటుంది, దాన్ని అరిగించే ఎంజైమ్ మనిషి పేగుల్లో లేదు కాబట్టి సగం కన్నా తక్కువే ఒంటికి పడుతుంది. మాంసం, పాలలోది సగానికి అటూ ఇటూ. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ మాంసాల్లో, ప్రాసెస్ చేసిన చీజ్‌లో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. పాత కాగితాలు జొన్నరొట్టెను నిషేధించి నల్ల కూల్‌డ్రింక్ సంగతి మర్చిపోయేవి. రిపోర్టులు హద్దులో ఉన్నప్పుడు రోజుకు ఒక జొన్నరొట్టెకు భయపడాల్సిన పని లేదని మా డైటీషియన్ అన్నప్పుడు బాపు మొహం చూడాల్సింది.

చివరికి ఉప్పు, నీళ్ళు. అందరూ నీళ్ళ మీద పడతారు. ఇంట్లో చెంబు దాచిపెట్టినవాళ్ళు, ఫ్రిజ్‌కు తాళం వేసినవాళ్ళు నాకు తెలుసు. దొంగ మాత్రం ఉప్పు. రక్తంలో ఉప్పు గాఢతను ఒళ్ళు మారనివ్వదు. ఎనిమిది గ్రాముల ఉప్పు లోపలికి పోతే దానికి జోడీగా లీటరు నీళ్ళు తెచ్చుకునేదాకా దాహం ఆగదు. అది మనోనిబ్బరంతో ఆపుకునే దాహం కాదు. ఉప్పు ఎక్కువ పెట్టి నీళ్ళు తాగొద్దని తిట్టడమంటే నిప్పు మీద నిలబెట్టి ఎగరొద్దని చెప్పినట్టు. రోజుకు మొత్తం ఉప్పు ఐదు గ్రాములు, అంటే అంచుకు సమంగా కొలిచిన ఒక టీస్పూన్, వంటలో వేసిందీ, తొక్కులో, అప్పడంలో, మిర్చి బజ్జీలో, ఎండుచేపలో ఉన్నదీ అంతా కలిపి. మామిడికాయ తొక్కు నిలవ ఉండేదే ఉప్పు బలంతో. సైంధవ లవణమైనా రాళ్ళ ఉప్పైనా సోడియమే. "లో సోడియం" అని రాసి ఉన్న ఉప్పు డబ్బా ఇంట్లోకి అసలు రానీయొద్దు: సోడియం తగ్గించి దాని బదులు కలిపేది పొటాషియం క్లోరైడ్. బీపీ ఉన్నవాళ్ళకు మంచిదని మా బావ కొనిచ్చాడు, అదృష్టం కొద్దీ మూత తీయకముందే చూశాను.

నీళ్ళ కోటాకు చెప్పే లెక్క సులభం. ఒక రోజంతా వచ్చిన మూత్రం కొలిచి దానికి అర లీటరు కలపాలి. బాపుకు మూడొందలు వస్తుంది, కాబట్టి ఎనిమిది వందలు. అన్నంలో, కూరగాయల్లో ఉన్న నీళ్ళు చెమటకూ ఊపిరికీ చెల్లు. గిన్నె వంచితే పారేది ఏదైనా లెక్కలోకి వస్తుంది: చాయ్, సల్ల, చారు, అంబలి, గంజి, ఐసు ముక్క, పాయ రసం. కల్లు కూడా నీళ్ళే, పైగా పొటాషియం ఉన్న నీళ్ళు. పుచ్చకాయ, ముంజలు పండ్ల వేషంలో వచ్చే నీళ్ళు. మా ఇంటి స్టీలు గ్లాసు కొలిచి చూస్తే మూడొందల మిల్లీలీటర్లు పట్టింది. రోజుకు రెండు గ్లాసులే తాగుతున్నానని బాపు చెప్పింది నిజమే, మూడోది చారు పేరుతో పోయేది. అమ్మ ఆ గ్లాసును పైన అటక మీద పడేసి, పిల్లల పాలగ్లాసు ఇచ్చింది. పొద్దున్నే ఒక సీసాలో ఎనిమిది వందలు పోసి పెడుతుంది, చాయ్ ఇచ్చినప్పుడల్లా అంత మేర సీసాలోంచి తీసేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు కష్టమే. నోరు పుక్కిలించి ఉమ్మేయడం, లవంగం బుగ్గన పెట్టుకోవడం, తడి తువ్వాల మెడ మీద వేసుకోవడం.

పొట్టలో ద్రవం నింపి తీసే డయాలసిస్ చేసుకునేవాళ్ళకు ఈ అంకెలు కొన్ని వర్తించవు. మిషన్ మీద ఉన్నవాళ్ళకు కూడా నెలనెలా రిపోర్టును బట్టి హద్దులు మారతాయి. పొటాషియం 4 ఉన్న మనిషికీ 6 ఉన్న మనిషికీ ఒకే పథ్యం చెప్పేవాళ్ళను నమ్మొద్దు.

ఇప్పుడు ఆ మొదటి ఐతారం కంచాన్ని మళ్ళీ చూస్తే మటన్ తప్పేమీ లేదు. ముక్కల్లో బాపుకు అవసరమైన ప్రోటీన్ ఉంది. తప్పంతా పులుసుది, తొక్కుది, పచ్చిపులుసుది, సల్లది. అందుకని అమ్మ ఐతారం కూర మానేయలేదు. మటన్‌ను ముందు విడిగా ఉడికించి ఆ నీళ్ళు వంపేస్తుంది. తర్వాత ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, మిరియాలు వేసి దగ్గరికి వేపుడు చేస్తుంది, ఉప్పు చివర్లో, బాపు వాటాకు విడిగా. తక్కెడలో వంద గ్రాములు తూచే దశ దాటిపోయింది, ఇప్పుడు ఐదు ముక్కలని చేతి లెక్క. ముద్దతోపాటు ఫాస్ఫరస్ బిళ్ళ కంచం అంచున పెడుతుంది. నల్లిబొక్క కావాలని బాపు ప్రతి ఐతారం అడుగుతాడు. నెలకు ఒకసారి వేస్తుంది, అది జుర్రుతున్నంతసేపూ పక్కనే నిలబడి సీసాలో నీళ్ళు ఎంతున్నాయో చూస్తుంటుంది.

మొన్న సోమవారం తూకం 60.1 చూపించింది. టెక్నీషియన్ రాసుకున్నాడు, ఏమీ అనలేదు. బాపే ఉండబట్టలేక, "నిన్న మటనే తిన్న బిడ్డా" అని చెప్పి పోయి మంచం మీద పడుకున్నాడు.